నేను సింగపూర్‌లో చెప్పిన కోళ్ల కథ

సింగపూర్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర నుంచి మా తణుకులో కనబడ్డవాళ్లంతా రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. బంగారం తెచ్చావా? అక్కడ రోడ్డు మీద ఉమ్మేస్తే నిజంగానే జరిమానా వేస్తారా? బంగారం తేలేదు. ఉమ్మేవాళ్లు కనబడలేదు. నేను వెళ్లింది చైనా పిల్లలకు ఇంగ్లీషు పరీక్ష పెట్టడానికి. ఈ మాట చెబితే మా స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "వాళ్లకి మీరా?" అన్నారు. ఆ 'మీరా'లోని ఎత్తిపొడుపుకు జవాబుగానే ఇదంతా రాస్తున్నాను. చదివాక ఆయన అడిగిందే సబబని మీకు అనిపిస్తే నేను చేయగలిగింది లేదు.

మా అక్క కూతురు మేఘన అక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. సింగపూర్ బడుల్లో చేరాలని చైనా నుంచి హైస్కూలు పిల్లలు వస్తుంటారు. వాళ్లకు ఇంగ్లీషు చదివితే ఎంత అర్థమవుతోంది, వింటే ఎంత అర్థమవుతోంది, రెంటికీ మధ్య తేడా ఎంత అన్నది దాని పరిశోధన. చదివించడానికి కాగితం చాలు. వినిపించడానికి గొంతు కావాలి. టేపుల్లో వచ్చే అమెరికా గొంతూ లండన్ గొంతూ ఆ పిల్లలకు కొట్టినపిండేనట. "వాళ్లు ఎప్పుడూ విననిది కావాలి పిన్నీ. నీ గొంతైతే పర్‌ఫెక్ట్" అంది మేఘన ఫోనులో. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నదాన్ని, పొగడ్త అనుకుని మర్నాడే సెలవు పెట్టేశాను. అది పొగడ్తేనా అని అనుమానం వచ్చేసరికి విమానం గాల్లో ఉంది.

యూ టీ: వంటింట్లో ఇంగ్లీషు బంద్

మేఘన ఉండేది యూ టీ అనే పేటలో, ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో. అన్ని బ్లాకులూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, గోడ మీద ఏనుగంత నంబరు వేసి ఉంటుంది. అయినా నేను మొదటి సాయంత్రమే కిందికి వెళ్లి పక్క బ్లాకు లిఫ్టెక్కాను. ఎవరిదో తలుపు ముందు నిలబడి "మేఘనా, తలుపు తియ్యవే" అని కేకలేస్తే లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చి నన్నూ, నా చేతిలోని కరివేపాకు ప్యాకెట్టునూ చూసి, వేలుతో ఎదుటి బ్లాకు చూపించాడు. ఆయనకిది అలవాటే అనుకుంటాను, నవ్వనైనా నవ్వలేదు. ఆ కరివేపాకు సంగతి కూడా చెప్పాలి. మా పెరట్లో మేకలు తినగా మిగిలేదాన్ని అక్కడ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ధర అంటించి, ఏసీలో పడుకోబెట్టి అమ్ముతారు.

ఫ్లాటులో మూడు గదులు. ఒకటి యజమాని తాళం వేసుకున్నది. ఒకటి మేఘనది. మూడోదాంట్లో చైనా నుంచి వచ్చిన ఒక తల్లీకూతుళ్లు. కూతురి పేరు జియాయీ, పదహారేళ్ల పిల్ల, కళ్లకు అడ్డంగా కత్తిరించిన జుట్టు. తల్లి పేరు నాకు నోరు తిరగలేదు. మనవైపు పిలిచినట్టే "జియాయీ అమ్మ" అన్నాను. చైనాలోనూ అలాగే పిలుస్తారట, పిల్ల పేరు చెప్పి పక్కన అమ్మ అని తగిలిస్తారట. అక్కడితో మాకు సగం చుట్టరికం కుదిరిపోయింది.

మిగతా సగం మిరపకాయ కుదిర్చింది. వాళ్లది సిచువాన్. నేను పొయ్యి మీద ఎండుమిరపకాయలు వేయించేసరికి ఫ్లాటంతా ఘాటు కమ్మి మేఘన కిటికీలు తీయడానికి పరిగెత్తింది. జియాయీ అమ్మ మాత్రం గదిలోంచి బయటికొచ్చి, కళ్లు మూసుకుని ఆ ఘాటు గుండెల్నిండా పీల్చి, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత తన సీసాలోంచి మిరియం లాంటి గింజ తీసి నోట్లో వేసుకోమంది. వేసుకున్నాను. కాసేపటికి పెదవులు ఉన్నాయో లేవో తెలియలేదు. పళ్ల డాక్టరు ఇచ్చే మత్తింజక్షను లాంటి దినుసును కూరలో వేసుకునే జాతి ఒకటుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మేఘన అసలు సంగతి చెప్పింది. ఆంగ్ మో కియోలో ఒక కోచింగ్ సెంటరు ఉంది. మేఘన పరీక్ష పెట్టేది అక్కడి పిల్లలకే. అందుకు ప్రతిగా మార్కులు సెంటరు నడిపే మిస్ లిమ్ చేతికివ్వాలి. బడుల్లో సీటు కోసం జరిగే అసలు పరీక్షకు ఈసారి ఎవరి పేర్లు పంపాలో ఆ మార్కులు చూసి మిస్ లిమ్ తేలుస్తుంది. బుధవారం ఆఖరు రోజు. జియాయీ కూడా ఆ పిల్లల్లో ఒకతె.

"దాని పేరు ఈసారి కూడా వెళ్లకపోతే ఇంకంతే పిన్నీ. వాళ్ల నాన్న వచ్చేయమన్నాడు. రెండేళ్లుగా ఈ ఒక్క గదిలో ఉంటున్నారు పాపం."

"అయ్యో, అయితే నేను కాస్త చెప్పిపెడతాను" అన్నాను.

"అదే వద్దనేది! నీతో మాట్లాడితే నీ యాక్సెంట్‌కి అలవాటు పడిపోద్ది. నా డేటా మొత్తం పాడైపోద్ది. పరీక్ష అయ్యేదాకా కిచెన్లో ఇంగ్లీష్ బంద్."

ఇంగ్లీషు మాస్టారమ్మ ఇంగ్లీషు మాట్లాడకూడని వంటింట్లో ఇక చేసేదేముంది! నేనూ ఆ పిల్లా ఎదురుపడినప్పుడల్లా దొంగల్లా నవ్వుకుని తప్పుకునేవాళ్లం. ఒకసారి నాకు ఉప్పు డబ్బా దొరక్కపోతే, నాలుక బయటపెట్టి మొహం చిట్లించి చూపించాను. టక్కున తీసిచ్చింది. పిల్ల చురుకైనదని అప్పుడే అనుకున్నాను.

ఆంగ్ మో కియో: శనివారం

కోచింగ్ సెంటరు ఒక బజారు పై అంతస్తులో ఉంది. కింద పళ్ల దుకాణం, పక్కన జుట్టు కత్తిరించే చోటు, మెట్లెక్కితే గోడల నిండా సీట్లు సంపాదించిన పిల్లల ఫొటోలు. ఆ ఫొటోలు చూడగానే పుట్టింటికి వచ్చినట్టయింది. మా విజయవాడ, మా గుంటూరు గోడల మీది మొహాలే, ముక్కులు కాస్త పొట్టి, అంతే తేడా.

మిస్ లిమ్ సన్నగా, చెవుల దాకా కత్తిరించిన జుట్టుతో, చేతిలో ప్లాస్టిక్ సంచి కాఫీతో ఎదురొచ్చింది. కాఫీని సంచిలో పోసి, దారం కట్టి, పుల్ల పెట్టి తాగుతారక్కడ. మనవాళ్లు సాంబారు కట్టించుకుంటారే, అలాగ. "ఆంటీ, రూములో ఏసీ చాలా చల్ల. షాల్ ఉందా? లేదంటే నాది తీసుకో లా" అంది. మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ల అలవాటు. మొదటి మాటలోనే నన్ను ఆంటీ చేసేసినందుకు కొంచెం మనసు చివుక్కుమన్నా, షాల్ తీసుకున్నాను.

ఏర్పాటు ఇదీ. పిల్లలు రెండు జట్లు, ఒక జట్టుకు శనివారం, ఒక జట్టుకు ఆదివారం. ఏ రోజు పిల్లలకు ఆ రోజు కథ. ప్రశ్నపత్రాలు మేఘన పంచిపెట్టి పక్క గదిలోకి వెళ్లిపోతుంది, అక్కడ జట్టులో మిగతా సగం మంది కాగితాల మీద చదివే పరీక్ష రాస్తుంటారు. తర్వాత వాళ్లు ఇటు, వీళ్లు అటు. నా పని కథ వినిపించడం. ఏ సగానికైనా ఒక్కసారే చదవాలి, మళ్లీ చెప్పకూడదు, ప్రశ్నలు తీసుకోకూడదు.

శనివారం కథ ఒక ముసలమ్మది. ఆవిడ తొమ్మిదో అంతస్తులో దొంగచాటుగా కోళ్లు పెంచుతుంది. ఫిర్యాదు చేస్తానన్న పక్కింటాయనకు రోజుకో గుడ్డు ఇస్తుంది. చివరికి అధికారి తనిఖీకి వస్తే ఆ పక్కింటాయనే కోళ్లను తన స్నానాలగదిలో దాచిపెడతాడు. నేను కాగితం చూసి బుద్ధిగా చదివాను. చదువుతున్నంతసేపూ నాకే ఆవలింత వచ్చింది. పరీక్ష అయ్యాక మేఘన, "బాగుంది పిన్నీ, కానీ పేరాకోసారి 'అర్థమైందా' అంటున్నావ్, తలుపు తీసి ఉంటే మా గదిదాకా వినపడింది. వాళ్లకి తెలుగెందుకు?" అంది. ఆ మాట నా నోటికి ఊపిరి లాంటిది, వస్తోందని నాకే తెలియదు. ఇక అననని మాటిచ్చాను.

మధ్యాహ్నం దగ్గర్లోని హాకర్ సెంటరులో తిన్నాం. ఊళ్లోని తోపుడుబళ్లన్నిటినీ ఒక కప్పు కింద చేర్చి, కడిగి, లైసెన్సు ఇచ్చి కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్టు కనబడితే, ఉచితం కాబోలని విప్పి చేతులు తుడుచుకున్నాను. మేఘన తల పట్టుకుంది. అది ఎవరో సీటు ఆపుకున్న గుర్తట, దాన్ని చోప్ చేయడమంటారట. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేయడమే. తేడా ఏమిటంటే మన కర్చీఫ్‌కు పోట్లాట ఖాయం, ఆ కాగితానికి అందరూ దండం పెట్టి పక్కకు పోతారు. నేను పాడుచేసిన ప్యాకెట్టు తాలూకు అమ్మాయి పళ్లెంతో వచ్చి, కోప్పడకుండా ఎదురుగా కూర్చుని, తన చికెన్ రైస్ మీద పోసుకునే అల్లం పచ్చడి నాకు రుచి చూపించింది. ఉత్త చికెన్ ఉడకబెట్టి అన్నంలో పెట్టినదాన్ని ఇంత పొగడటమెందుకో అనుకున్నాను కానీ, ఆ పచ్చడికి మాత్రం దండం పెట్టొచ్చు.

ఆంగ్ మో కియో: ఆదివారం

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. మావైపు పుస్తకం చూసి పాఠం చెప్పే టీచరుకు విలువ లేదు. పుస్తకం మూసి, బల్ల మీద బోర్లించి, కిటికీలోకి చూస్తూ చెప్పాలి. అప్పుడు వెనక బెంచీ కూడా నోరు తెరుచుకుని వింటుంది. శనివారం కాగితం పట్టుకు చదివినందుకు నాకు రాత్రంతా నామోషీగా ఉంది. రెండు కథలూ అప్పటికే నాకు కంఠతా వచ్చు. కాబట్టి ఆదివారం గదిలోకి వెళ్లగానే తలుపు గట్టిగా మూసి, కాగితం బల్ల మీద బోర్లించాను.

ముందు వరసలోనే జియాయీ ఉంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఏం చెప్పానని! ముసలమ్మకు వణుకు గొంతు, పక్కింటాయనకు బొంగురు గొంతు, అధికారికి అధికారం. కోళ్లు వచ్చినచోట మోచేతులు ఆడించి కొక్కొక్కొ అన్నాను. నేను చెప్పిన మంచి పాఠాల్లో అదొకటని ఇప్పటికీ అంటాను.

మధ్యలో జియాయీ చెయ్యెత్తింది. కళ్లలో ఏదో కంగారు. ఒక్కసారే చదవాలి, ప్రశ్నలు తీసుకోకూడదు అని నాకు చెప్పారు కదా. పెదవుల మీద వేలు పెట్టి, కోపంగా కాదు, ముద్దుగానే "ష్" అన్నాను. చెయ్యి దించేసింది. చుట్టూ చూసింది. మిగతా పిల్లలంతా తలలు వంచి చకచకా టిక్కులు పెట్టేస్తున్నారు. ఆమె పెన్ను మాత్రం కదల్లేదు. పాపం, నా యాస అందడంలేదు కాబోలని జాలిపడ్డాను. రెండో సగం పిల్లలు వచ్చాక వాళ్లకూ అదే కథ, అదే ఊపుతో చెప్పాను.

ఆ సాయంత్రం వంటింట్లో ఇంగ్లీషు నిషేధం ఎత్తేశారు. మాట్లాడుదామంటే జియాయీ గది తలుపు తీయలేదు.

రాఫెల్స్ ప్లేస్: నా శిష్యుడు

సోమవారం మేఘన నన్ను రాఫెల్స్ ప్లేస్ తీసుకెళ్లింది. అద్దాల మేడలు తలెత్తి చూస్తే మెడ పడుతుంది, చూడకపోతే ఎవరో ఒకరు తగులుతారు. మధ్యాహ్నం ఆ మేడల్లోంచి మెడలో కార్డులు వేసుకున్న జనం ఒక్కసారిగా భోజనానికి దిగుతారు. మన కాలేజీలో లంచ్ బెల్లు కొట్టినట్టే, కాకపోతే ఎవరూ పరిగెత్తరు, లైన్లో నిలబడతారు. పొడుగు లైను ఎక్కడుంటే అక్కడే తిండి బాగుంటుందని వాళ్ల లెక్క. దాని ప్రకారం మన రేషన్ షాపు ముందు ఎంత రుచి ఉండాలో!

అక్కడ నాకోసం ఒకడు ఎదురుచూస్తున్నాడు. నజీర్. మా తణుకు కాలేజీలో నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు ఒక బ్యాంకు కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తున్నాడు. నేను సింగపూర్‌లో దిగిన ఫొటో ఫోనులో చూసి, భోజనం పెట్టందే వదలనన్నాడు. నూడుల్స్ తెచ్చి ముందు పెట్టి, "మేడమ్, ఈ ఉద్యోగం మీ భిక్షేనండీ" అన్నాడు.

"అంత మాటెందుకు నాన్నా."

"నిజమండీ. పాసేజ్ చదవొద్దురా, టైం వేస్టు, ముందు ప్రశ్నలు చూడండి, ఒక ప్రశ్నలో ఇంకో ప్రశ్నకి జవాబు దాక్కునుంటది అని మీరు చెప్పలేదా? ఇప్పటికీ అదేనండీ. క్లయింట్ మెయిల్ మొత్తం ఏనాడూ చదవలేదు. కింద అడిగింది చూసి పైన ఏం రాసుంటాడో చెప్పేస్తా."

గర్వంతో నూడుల్స్ సంగతే మరిచిపోయాను. పక్కన మేఘన పొద్దున దిద్దిన ఆదివారం జవాబుపత్రాల మార్కులు మళ్లీ కూడుకుంటోంది. "పిన్నీ, నీ గొంతు సూపర్ హిట్! లిజనింగ్‌లో పదికి ఎనిమిది, తొమ్మిది. శనివారం వాళ్లకంటే కూడా ఎక్కువే" అంది. ఆ క్షణాన లెక్కల మేష్టారు అక్కడుంటే ఎంత బాగుండేదో! తర్వాత మేఘన గొంతు తగ్గింది. "జియాయీకి మాత్రం సున్నా. చదివే పరీక్షలో అందరికంటే ఫస్ట్. వినేది ఖాళీ పేపర్ ఇచ్చింది. మిస్ లిమ్‌కి పొద్దున్నే చెప్పాల్సొచ్చింది. దాని పేరు పంపనంది."

నాకు చెడ్డ బాధేసింది. అయినా ఉపాధ్యాయురాలిని కదా, బాధలోనూ ఉపన్యాసం మానను. కొంతమంది పిల్లలకు కన్నే తప్ప చెవి పనిచేయదనీ, అది భయమనీ, మందు అభ్యాసమేననీ నజీర్‌కు చాలాసేపు వివరించాను. వాడు పాసేజ్ వదిలేసినట్టే నా ఉపన్యాసమూ వదిలేసి, చివర్లో తలూపాడు.

మళ్లీ యూ టీ: కొక్కొక్కొ

ఫ్లాటుకు వచ్చేసరికి వంటింటి గట్టు మీద జియాయీ అమ్మ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. మిరపకాయల నూనె, పులిసిన చిక్కుళ్ల ముద్ద, ఆ మత్తు గింజలు. ఊరికి మోసుకెళ్లలేనివి నాకిచ్చి వెళ్లాలని ఆవిడ ఉద్దేశం. సీసా నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, పైన తన చెయ్యి వేసింది. ఇద్దరికీ భాష లేదు. గుమ్మం దగ్గర సగం సర్దిన పెట్టె కనబడుతోంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

జియాయీ సింకు దగ్గర గిన్నెలు తుడుస్తోంది. ఇక ఉండబట్టలేక అడిగాను, ఇంగ్లీషులోనే. "నా యాస నీకు కష్టమైందా తల్లీ?"

"లేదు ఆంటీ. మీ ఇంగ్లీషు చాలా ఈజీ. టేపు కంటే ఈజీ. మొత్తం విన్నాను." తల దించుకునే చెప్పింది. "కానీ ప్రశ్నలు నాకు తెలీలేదు. అందరికీ తెలిశాయి. నేను స్టుపిడ్."

"ఏదీ, ఏం విన్నావో చెప్పు."

గిన్నె పక్కన పెట్టి నిటారుగా నిలబడింది. చెప్పడం మొదలెట్టింది. వాన పడే ఒక పొద్దున, తొమ్మిదో అంతస్తు, వణుకు గొంతుతో ముసలమ్మ, బొంగురు గొంతుతో పక్కింటాయన. మోచేతులు ఆడించి కొక్కొక్కొ అంది. పేరా అయిపోయినచోటల్లా ఒక్క క్షణం ఆగి, అచ్చం నాలాగే కనుబొమలెత్తి, "అర్థమైందా?" అంది. ఇంగ్లీషు మధ్యలో ఆ ఒక్క తెలుగు ముక్క! నేను మురిసిపోయాను. నా హావభావాలు ఒక్కటి వదల్లేదు. వాళ్లమ్మ ఏమీ అర్థంకాకపోయినా కోళ్లకు నవ్వింది. మహారాణిలా గోడకు ఆనుకుని, నా ప్రదర్శన నేనే చూసుకుంటున్నాను.

గంజి వారుస్తున్న మేఘన గరిటెతో సహా ఇటు తిరిగింది.

"పిన్నీ."

"ఉండవే, అధికారి వస్తున్నాడు."

"పిన్నీ, కోళ్ల కథ శనివారంది. ఆదివారం ప్రశ్నలన్నీ బస్సు మీదవి."

ఆదివారం కథ ఒక బస్సు డ్రైవరుది. ఒక ప్రయాణికురాలు మరిచిపోయిన వయొలిన్ కోసం బస్సు వెనక్కి తిప్పుతాడు. ఆ కథా వాన పడే పొద్దునతోనే మొదలవుతుంది. మొదటి వాక్యం ఒకటే కావడంతో, పురోహితుడు ఒక మంత్రంలోంచి ఇంకో మంత్రంలోకి జారిపోయినట్టు, నా నాలుక వానలోంచి కోళ్లలోకి జారిపోయింది. కాగితం కళ్ల ముందుంటే జారేది కాదు. బోర్లించింది నేనే.

కుర్చీలో కూలబడ్డాను. బస్సు గురించి అడిగిన ప్రశ్నలకు కోళ్ల కథలో జవాబు లేదని తెలుసుకోగలిగింది, ఆ గది మొత్తంలో, నిజంగా కథ విన్న ఒక్క పిల్ల. చెయ్యెత్తి చెప్పబోయింది. నేను ష్ అన్నాను. పక్కవాళ్లంతా రాసేస్తుంటే, తప్పు తనదేననుకుని పెన్ను మూసేసింది.

"మరి మిగతావాళ్లకి తొమ్మిదేసి ఎలా వచ్చాయే?" అన్నాను, నా గొంతు నాకే వినబడకుండా. అడుగుతుండగానే నజీర్ మొహం కళ్ల ముందుకొచ్చింది. మూడో ప్రశ్నలో 'డ్రైవరు బస్సు ఎందుకు వెనక్కి తిప్పాడు' అని ఉంది. ఏడో ప్రశ్నలో 'వయొలిన్ తిరిగి అందాక ఆమె ఏం చేసింది' అని ఉంది. ఇక కథతో పనేముంది! చైనాలోనూ ఎవరో నాలాంటి మహాతల్లి వాళ్లకు ఆ చిట్కా నేర్పే ఉంటుంది.

జియాయీకి విషయం విడమరిచి చెప్పాం. మొదట నమ్మలేదు. మేఘన రెండు కథల కాగితాలూ తెచ్చి చూపించింది. చదివి, నావైపు చూసి, ఏడవబోయి, నవ్వేసింది. ఆ నవ్వు చూశాక నాకు ఇంకా సిగ్గేసింది.

ఆంగ్ మో కియో: మంగళవారం

పొద్దున్నే మిస్ లిమ్ ముందు నిలబడ్డాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలిచాననుకుని వచ్చి రచ్చలో దొరికిపోయాను. జరిగిందంతా చెప్పాను. మేఘన నా పక్కన, తన ఆదివారం డేటా అంతా గంగలో కలిసిందన్న మొహంతో నిలబడింది.

మిస్ లిమ్ సంచిలోని కాఫీ చివరిదాకా పీల్చింది. "అంటే ఆంటీ, నా పిల్లలు వినని కథకి తొమ్మిది తెచ్చుకున్నారా?" అంది. ఆ గొంతులో కోపమెంతో గర్వమెంతో తేల్చలేకపోయాను. కాసేపు గోడ మీది ఫొటోలు చూసింది. అక్కడున్న మొహాల్లో విన్నవాళ్లెందరో అని ఆలోచిస్తోందేమో. "ఆంటీ, మీ మాట మీద పేరు పంపలేను లా. సాయంత్రం అందరినీ పిలుస్తాను. ఇంకో కొత్త కథ నేనే చదువుతాను. ప్రశ్నల్లేవు. విన్నది ఒక్కొక్కళ్లూ వచ్చి చెప్పాలి."

సాయంత్రం గది బయట అద్దం దగ్గర నేనూ జియాయీ అమ్మా నిలబడ్డాం. ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు నొక్కుకుపోయింది. లోపల మిస్ లిమ్ చదవడం మొదలెట్టింది. కాస్త సేపటికి జియాయీ చెయ్యి లేచింది. మళ్లీ దించేస్తుందేమో, నేను ష్ అన్న ఆ వేలు ఇంకా ఆమె కళ్ల ముందే ఉందేమో అని భయపడ్డాను. చెయ్యి దిగలేదు.

మిస్ లిమ్ చదవడం ఆపి తలెత్తింది. "ఎస్?"

"ఏసీ చప్పుడు ఎక్కువుంది మిస్. సరిగా వినబడట్లేదు. కొంచెం తగ్గిస్తారా?"

వెనక వరసల్లో ఒక్కో తలా ఊగింది. ఎవరికీ వినబడలేదు! ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనూ లేదు. మిస్ లిమ్ లేచి ఏసీ తగ్గించి, కథ మొదటి నుంచి చదివింది.

తన వంతు వచ్చాక జియాయీ చెప్పిన కథ నేను వినలేదు, తలుపు మూశారు. అద్దంలోంచి ఆమె చేతులు కదలడం మాత్రం కనబడింది. ఒకచోట మిస్ లిమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. బయటికొచ్చాక నాతో ఒకే మాట అంది: "ఈ అమ్మాయి పేరు వెళ్తుంది. మిగతావాళ్లవీ పంపుతాను, కానీ పరీక్ష దాకా రోజూ ఒక కథ. నో ఆప్షన్స్." జియాయీ అమ్మకు కూతురు చైనా భాషలో చెప్పేలోపే అర్థమైపోయింది. మెట్లు దిగీ దిగగానే, ఆ పళ్ల దుకాణం ముందు, నన్ను వాటేసుకుంది. ఆ రాత్రి పెట్టె విప్పి బట్టలు మళ్లీ అలమరలో పెట్టుకున్నారు. సీసాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు, నాకే ఇచ్చేసింది.

తణుకు

వచ్చి కొన్ని నెలలైంది. మిరపనూనె అయిపోయింది. మత్తు గింజలు స్టాఫ్ రూముకు తీసుకెళ్లి లెక్కల మేష్టారికి ఒకటి ఇచ్చాను, ఆ పూటంతా ఆయన నోట మాట రాలేదు. మేఘన ఆదివారం కాగితాల్ని పారేయలేదు. ఈసారి కావాలనే సగం మందికి తప్పు కథ వినిపించి చూస్తుందట, దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరు కూడా పెట్టింది. నేను చేస్తే పొరపాటు, అది చేస్తే పరిశోధన.

మొన్న క్లాసులో పాఠం చెబుతూ ఎప్పటిలా "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడమ్" అని అందరూ ఒకేసారి అరిచారు. ఏళ్లుగా ఆ కేక వినే నేను పాఠం ముందుకు లాగించాను. ఆ రోజు మాత్రం ఆగాను. ఏం అర్థమైందో ఒక్కళ్లని చెప్పమన్నాను. క్లాసంతా పుస్తకాల్లోకి తలలు దించేసింది. నేను పుస్తకం తెరిచి మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ సాయంత్రమే ఫోనుకు ఒక గొంతు సందేశం వచ్చింది. జియాయీ. పరీక్ష పాసైంది, యూ టీకి దగ్గర్లోనే ఒక బడిలో సీటొచ్చింది, వాళ్లమ్మ ఇప్పుడు కరివేపాకు వేసి నూడుల్స్ చేస్తోంది. ఇంగ్లీషు గబగబా, పొంగిపోతూ సాగింది. చివర్లో ఒక్క క్షణం ఆగింది. కనుబొమలెత్తి ఉంటుందని నాకు తెలుసు.

"అర్థమైందా, ఆంటీ?"

నన్ను ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. సందేశం మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని, చివరిదాకా విన్నాను. ఆ తర్వాతే జవాబు చెప్పాను.

"అర్థమైందమ్మా."